ఫోన్ వంటింట్లో పెట్టాకే

ఫోన్ల వల్ల కుదురుగా చదివే అలవాటు పోతోందని అంటుంటారు, అది నూటికి నూరుపాళ్లూ నిజం. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ కొలిచి చూస్తే, 2004లో జనం ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు. ఈమధ్య అది 47 సెకన్లకు పడిపోయింది.

నా సంగతే చెబుతాను. ఒకప్పుడు 300 పేజీల నవల రెండు రాత్రుల్లో అయిపోయేది. మొన్న అదే నవల తీస్తే, నాలుగో పేజీలోనే చేయి దిండు కింద ఫోన్ కోసం తడిమింది. అది మోగనైనా లేదు! మళ్లీ పుస్తకం చూస్తే ఏ పేరాలో ఆపానో గుర్తు లేదు. చాలా బాధేసింది.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టేస్తున్నాను. మొదటి వారం మహా కష్టమైంది. నిన్న ఏకబిగిన 40 పేజీలు చదివాను. మా అమ్మాయి కూడా తన పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చుంది.