ఇన్సిస్ట్ అంటే బలవంతమా, పట్టా?

(శ్రీకాకుళంలో ఒక ఇంటి అరుగు. రిటైరైన ఇంగ్లిష్ మేష్టారు, ఇంటి నుంచే అమెరికా కంపెనీకి పనిచేసే ఆయన మేనకోడలు. నిన్న రాత్రి ఆమె క్లయింటుకి "ఐ ఇన్సిస్ట్ యూ టు సెండ్ ద ఫైల్ టుడే" అని మెయిల్ పెట్టింది. "తయారైనప్పుడు వస్తుంది" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. పొద్దున్నుంచి ఆమెకు అదే టెన్షన్.)

మేనకోడలు: నేనేమైనా తిట్టానా మావయ్యా? కాస్త గట్టిగా అడిగాను, అంతే.

మావయ్య: గట్టిగా అడగలేదు తల్లీ, జగడానికి దిగావు. అవతలివాడు కాదన్నా సరే నేను తగ్గను అని చెప్పే మాట అది. మొదటిసారి అడిగేటప్పుడే వాడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పైగా వాక్యమూ తప్పే. ఇన్సిస్ట్ పక్కన మనిషి నేరుగా రాడు. 'ఆన్' పెట్టి విషయం రావాలి, లేదా 'దట్' పెట్టి వాక్యం రావాలి.

మేనకోడలు: మా టీములో అందరూ 'హి ఇన్సిస్టెడ్ మి' అనే అంటారు. అర్థం కాలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇంకో సంగతి. 'ఇన్సిస్ట్ అంటే బలవంతం చేయు' అని ఎనిమిదో తరగతిలో నాకు రాయించింది నువ్వే. ఆ నోట్సు అమ్మ ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది.

మావయ్య: రాయించాను. గైడులో ఉన్నది చూసి, ఆలోచించకుండా రాయించాను. ఎంతమంది పిల్లలకు అలా రాయించానో తలుచుకుంటే బాధేస్తుంది. తప్పంతా ఆ ఒక్క అర్థం దగ్గరే మొదలైంది. తెలుగులో 'నన్ను బలవంతపెట్టారు' అంటాం. అక్కడ 'నన్ను' ఉంది కాబట్టి ఇంగ్లిష్‌లోనూ 'మి' వచ్చి కూర్చుంటుంది. అదే 'పట్టుబట్టు' అని నేర్పి ఉంటే? 'నన్ను పట్టుబట్టారు' అని ఎవరూ అనరు. 'ఫలానా దాని మీద పట్టుబట్టారు' అంటారు. ఆ 'మీద' ఉంది చూశావా, ఇంగ్లిష్‌లో అదే 'ఆన్'. లాటిన్‌లో ఈ మాట పుట్టుకే 'దేని మీదో నిలబడటం'. మనిషిని లాగడం కాదు, తానున్న చోటు నుంచి కదలకపోవడం.

మొన్న పలాస పెళ్లి గుర్తుందా? నువ్వు చాలు చాలంటూ విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టావు. బూరెల పళ్లెం పట్టుకున్న పెద్దాయన నీ చెయ్యి తీయలేదు, నీ నోట్లో కుక్కలేదు. నీ ముందు అలా నిలబడ్డాడు. వెనక వరసవాళ్లు పిలుస్తున్నా కదల్లేదు. ఆయన చేతిలో గరిటె నుంచి నెయ్యి బొట్టు నీ విస్తరి అంచున పడింది. చివరికి నువ్వే చెయ్యి తీశావు. అదీ ఇన్సిస్ట్ చెయ్యడమంటే. చెయ్యి లాగేసి వడ్డిస్తే అది ఫోర్స్. 'ఇంకొక్కటి తినమ్మా' అని బతిమాలితే అర్జ్. ఆ రెండింటికీ 'మి' నేరుగా అతుకుతుంది, 'హి అర్జ్‌డ్ మి టు ఈట్' అనొచ్చు. ఇన్సిస్ట్‌కి మాత్రం అతకదు. 'హి ఇన్సిస్టెడ్ ఆన్ మై ఈటింగ్' అనాలి, లేకపోతే 'హి ఇన్సిస్టెడ్ దట్ ఐ ఈట్' అనాలి.

మేనకోడలు: మరి 'నన్ను ఉండమని పట్టుబట్టారు' అంటాం కదా. అందులో 'నన్ను' లేదా?

మావయ్య: (కాసేపు ఆగి) మంచి పాయింటే లాగావు. కానీ ఆ 'నన్ను' పట్టుబట్టడానికి చెందింది కాదు, 'ఉండమని' అన్న మాటకు చెందింది. అందులో 'అను' అన్న క్రియ దాక్కుని ఉంది. 'నన్ను ఉండమన్నారు, దాని మీద పట్టుబట్టారు' అని దాని లోపలి మాట. ఇంగ్లిష్ ఇన్సిస్ట్‌లో ఆ 'అను' లేదు.

మేనకోడలు: ఇదంతా వ్యాకరణం పుస్తకం సంగతి. గిడుగు పుట్టిన జిల్లాలో కూర్చుని, జనం అనే మాట తప్పంటావేమిటి? జనం నోట్లో ఉన్నదే భాష అని ఆయన జీవితమంతా పోరాడలేదా? ఇన్ని లక్షల మంది 'ఇన్సిస్టెడ్ మి' అంటుంటే అదీ ఒక వాడుకే.

మావయ్య: గిడుగు పేరెత్తావు కాబట్టి విను. పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల్లోని సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. రాతే లేని ఆ భాషకు వ్యాకరణం రాశారు. నియమం వద్దనలేదాయన, నియమం మాట్లాడేవాళ్ల నోట్లో ఉంటుందన్నారు. ఆ లెక్కన 'నన్ను ఇన్సిస్ట్ చెయ్యకండి' అని తెలుగులో అంటే నేను దిద్దను. ఆ మాట మనింటికొచ్చింది, మన పద్ధతిలో నడుస్తుంది. మీ టీములో మీలో మీరు 'ఇన్సిస్టెడ్ మి' అనుకున్నా ఊరుకుంటాను. కానీ నీ మెయిల్ వెళ్లింది మీ టీముకి కాదు.

మేనకోడలు: వాళ్ల చెవికి తగ్గట్టు మనమే మారాలన్నమాట.

మావయ్య: ఫైలు కావలసింది నీకు.

మేనకోడలు: సరే, అది వదిలెయ్. ఆ బూరెల ఆయన మాత్రం నాకు మింగుడుపడలేదు. నిలబడితే బలవంతం కాదా? వద్దన్నాక కదలకపోవడమే బలవంతం. సంబంధాల దగ్గరా ఇదే వరస. 'మేమేం బలవంతం చెయ్యలేదే, మంచి కుర్రాడన్నాం అంతే' అంటారు. రెండు పూటలు అమ్మ అన్నం మానేస్తుంది. నువ్వొచ్చి ఇదే అరుగు మీద ఏమీ మాట్లాడకుండా కూర్చుంటావు.

మావయ్య: నేను నిన్నెప్పుడైనా...

మేనకోడలు: అనలేదు. కూర్చున్నావు.

మావయ్య: ఊఁ అనాలో వద్దో నీ చేతిలోనే ఉంది కదమ్మా.

మేనకోడలు: చుట్టూ అందరూ నిలబడ్డాక నా చేతిలో ఏముంటుంది? చెయ్యి తీసేదాకా ఆ పెద్దాయన కదల్లేదని నువ్వే కదా చెప్పావు.

మావయ్య: ...దానికి నా దగ్గర జవాబు లేదు. నిలబడేవాడికి పట్టు, ఎదుట కూర్చున్నవాళ్లకి బలవంతం. ఈసారి మీ అమ్మ పిలిస్తే రాను.

మేనకోడలు: (కాసేపటికి) ఒకటి అడగనా? 'హి ఇన్సిస్టెడ్ దట్ హి వాజ్ ఎట్ హోమ్' అంటారు. అక్కడ పట్టుబట్టడం ఎక్కడుంది?

మావయ్య: అది రెండో అర్థం, నొక్కి చెప్పడం. రెండింటికీ తేడా క్రియలో తెలుస్తుంది. ఇంటి ఓనర్ 'ఇన్సిస్టెడ్ దట్ హి పే ద రెంట్' అంటే అద్దె కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. 'దట్ హి హాడ్ పెయిడ్ ద రెంట్' అంటే అతను కట్టేశాడని నొక్కి చెప్పాడు. మొదటి వాక్యంలో అద్దె బాకీ ఉంది, రెండోదాంట్లో తీరిపోయింది.

మేనకోడలు: అయితే ఆ ఫైలు కోసం ఇప్పుడేం రాయను?

మావయ్య: 'కుడ్ యూ ప్లీజ్ సెండ్ ఇట్ టుడే'. మొదటిసారికి అది చాలు.

మేనకోడలు: రెండోసారీ పంపకపోతే?

మావయ్య: అప్పుడు 'ఐ మస్ట్ ఇన్సిస్ట్ ఆన్ గెటింగ్ ఇట్ టుడే' అను. ముందు వెళ్లి ఆ ట్రంకుపెట్టె తెరిచి నోట్సు పట్రా. ఎర్ర పెన్ను నా జేబులోనే ఉంది.