దయచేసి దాన్ని "మెల్ బ్రూక్స్ ఒకప్పుడు పనిచేసిన షో" అనకండి

పోయిన నెల హాస్యరచన మీద ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాను. పాఠం చెప్పినాయన 1950ల నాటి అమెరికన్ టీవీ హాస్య ప్రోగ్రాం 'యువర్ షో ఆఫ్ షోస్' పేరెత్తగానే ప్రాణం లేచొచ్చింది. ఆ పేరు ఒక తెలుగువాళ్ళ నోట వినడం నాకదే మొదటిసారి. ఆయన చెప్పింది మాత్రం రెండే ముక్కలు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న హాస్యరచయితలు మెల్ బ్రూక్స్, నీల్ సైమన్, వుడీ ఆలెన్ అంతా అక్కడి నుంచి వచ్చినవాళ్ళే అన్నారు. ఆ షోలో ముఖ్య నటుడు సిడ్ సీజర్‌కి ఓసారి కోపమొచ్చి బ్రూక్స్‌ని హోటల్ కిటికీలోంచి బయటికి వేలాడదీశాడన్నారు. అందరూ నవ్వారు. షోలోని ఒక్క స్కెచ్ గురించైనా, అంటే వాళ్ళు ఆడిన చిన్న హాస్య నాటిక ఒక్కదాని గురించైనా, మాట్లాడకుండా ఇంకో విషయంలోకి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఒక తప్పు సరిచేయాలి. వుడీ ఆలెన్ ఈ షోకి రాయలేదు. అది 1954లోనే ఆగిపోయింది. ఆయన సీజర్ దగ్గర చేరింది ఆ దశాబ్దం చివర్లో, వేరే ప్రోగ్రాములకి. ఎక్కడ చూసినా ఇదే తప్పు కనబడుతుంది. ఎందుకంటే ఎవరికీ షోతో పనిలేదు, అక్కడి నుంచి వచ్చిన పెద్ద పేర్లతోనే పని. ఒక గుడికి వెళ్ళి గర్భగుడి వైపు చూడకుండా, ధర్మకర్తల పేర్లు చెక్కిన రాయి చదివి తిరిగొచ్చినట్టు ఉంటుంది నాకు.

సరే, షో సంగతి. 1950 ఫిబ్రవరి 25 నుంచి 1954 జూన్ 5 దాకా, ఎన్‌బీసీ అనే అమెరికన్ టీవీ ఛానెల్లో, ప్రతి శనివారం రాత్రి 9 నుంచి 10:30 వరకు. గంటన్నర. న్యూయార్క్‌లో థియేటర్ స్టేజీ మీద, ఎదురుగా జనం, మొత్తం లైవ్. ఏడాదికి 39 వారాలు. ఎదురుగా డైలాగులు రాసిన అట్టలు పట్టుకునేవాళ్ళు లేరు, టెలిప్రాంప్టర్ లేదు. తప్పు పోతే అమెరికా అంతా చూస్తుంది, రెండో టేక్ ఉండదు.

ఈ లెక్క చదివి ఊరికే దాటేయకండి. నేను పాతికేళ్ళుగా పరిషత్తు పోటీలకి హాస్య నాటికలు రాస్తున్నాను. గంటలోపు నాటిక ఒకటి తయారు కావాలంటే మాకు రెండు నెలల రిహార్సల్ కావాలి. అయినా వింగ్‌లో ప్రాంప్టర్ స్క్రిప్టు పట్టుకుని నిలబడకపోతే ఆర్టిస్టుల గొంతు తడారిపోతుంది. ఒకసారి మా హీరో రెండో రంగంలో చెప్పాల్సిన డైలాగు మొదటి రంగంలోనే చెప్పేశాడు. కథ అక్కడే అయిపోయింది, ఇంకా అరగంట మిగిలింది. ఆ అరగంట నా కడుపులో జరిగిన యుద్ధం నాకింకా గుర్తుంది. వీళ్ళు అలాంటి పరీక్ష వారం వారం రాశారు, నాలుగేళ్ళు. సోమవారం నాటికి చేతిలో ఏమీ ఉండదు, శనివారం రాత్రికి గంటన్నర ఉండాలి.

ఆ అలవాటు వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది మాయ కాదని తెలుస్తుంది. నిర్మాత మాక్స్ లీబ్‌మన్. పెన్సిల్వేనియా కొండల్లో టామిమెంట్ అని ఒక వేసవి విడిది ఉండేది. అక్కడికొచ్చే జనం కోసం ఆయన 1930ల నుంచీ వేసవిలో వారానికో కొత్త రెవ్యూ కట్టేవాడు. రెవ్యూ అంటే స్కెచ్‌లు, పాటలు, డాన్సులు కలిపిన ప్రదర్శన, అన్నీ కొత్తవే. టీవీ పుట్టాక ఆ పద్ధతినే యథాతథంగా తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. అందుకే ఈ షోలో కామెడీ ఒక్కటే ఉండదు. బాలే ఉంటుంది, ఆపెరా గాయని మార్గరీట్ పియాజ్జా పాడుతుంది, బిల్లీ విలియమ్స్ క్వార్టెట్ వస్తుంది. ఇంట్లో కూర్చున్న మామూలు మనిషికి ఇవన్నీ ఎక్కుతాయా అని ఆయన సందేహపడలేదు. నాకాయన మీద గౌరవం అక్కడే మొదలైంది. ఆ రోజుల్లో టీవీ హాస్యమంటే చాలావరకు మొహాన క్రీము కొట్టుకోవడం, ఆడవేషం వేసి గెంతడం. లీబ్‌మన్ మనుషులు శనివారం రాత్రి ఇటాలియన్ సినిమాలకీ ఫ్రెంచి సినిమాలకీ పేరడీలు కట్టారు. జనం కూర్చుని చూశారు.

ఇదే బృందం అంతకు ముందు ఏడాది 'అడ్మిరల్ బ్రాడ్‌వే రెవ్యూ' అనే షో చేసింది. టీవీ సెట్లు తయారుచేసే అడ్మిరల్ కంపెనీ దానికి స్పాన్సర్. కొన్ని నెలలకే ఆపేశారు. కారణం సీజర్ తర్వాత చెప్పుకున్నాడు: షో వల్ల సెట్లకి ఆర్డర్లు విపరీతంగా పెరిగి, షోకి పెట్టే డబ్బు ఫ్యాక్టరీకి పెట్టాల్సి వచ్చిందట.

ఇక సీజర్. న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్ ఊళ్ళో వాళ్ళ నాన్న చిన్న హోటల్ నడిపేవాడు. ఒక బల్ల దగ్గర ఇటాలియన్లు, ఇంకో బల్ల దగ్గర రష్యన్లు, మరో చోట పోలండువాళ్ళు. ఈ పిల్లాడు ప్లేట్లు తీస్తూ వాళ్ళ మాటలు వినేవాడు. మాట తెలియదు, కానీ ఆ సాగదీత, ఆ విరుపు, ఎక్కడ గొంతు పెంచుతారో, ఎక్కడ చెయ్యి తిప్పుతారో అన్నీ పట్టేశాడు. అర్థంలేని శబ్దాలతో ఆ భాష మాట్లాడినట్టే మాట్లాడి, మళ్ళీ ఆ బల్ల దగ్గరే నిలబడి వాళ్ళనే నవ్వించేవాడు. పెద్దయ్యాక స్టేజీ మీద చేసిన దొంగ జర్మన్, దొంగ ఫ్రెంచి, దొంగ ఇటాలియన్ అన్నీ ఆ హోటల్లో నేర్చినవే.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఓ మధ్యాహ్నం నేను ఫోన్లో 'జర్మన్ జనరల్' స్కెచ్ చూస్తుంటే పక్కకొచ్చి కూర్చుంది. ఒక పెద్ద సైన్యాధికారి ముస్తాబవుతుంటాడు. నౌకరు హోవర్డ్ మోరిస్, పొట్టి మనిషి, ఆయన చుట్టూ తిరుగుతూ కోటు తొడుగుతాడు, పతకాలు పెడతాడు. సీజర్ ఆ లేని జర్మన్‌లో విసుక్కుంటాడు, అరుస్తాడు, మురిసిపోతాడు. అమ్మ "ఏం భాషే అది?" అని అడగలేదు. "వాడి అత్తగారు కూడా ఇంత సాధించి ఉండదు" అంది. చివరికి ఆ జనరల్ ఠీవిగా బయటికి నడుస్తాడు, తీరా చూస్తే హోటల్ గుమ్మం దగ్గర నిలబడి ఈలవేసి ట్యాక్సీ పిలిచే డోర్‌మన్. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. డెబ్బై ఏళ్ళ కిందట న్యూయార్క్‌లో కూర్చున్న జనం నవ్విన చోటే నవ్వింది.

పాతది, నలుపూ తెలుపూ, మనకేం అర్థమవుతుంది అనేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే: మా అమ్మతో కూర్చుని చూడండి.

'దిస్ ఈజ్ యువర్ స్టోరీ' కూడా అలాంటిదే. 1954 ఏప్రిల్‌లో చేశారు. అప్పట్లో 'దిస్ ఈజ్ యువర్ లైఫ్' అని ఒక ప్రోగ్రాం వచ్చేది, ఎవరినో ఉన్నట్టుండి పట్టుకొచ్చి వాళ్ళ జీవితంలోని మనుషులందరినీ ఎదురుగా నిలబెట్టి ఏడిపించేవారు. దానికి ఇది పేరడీ. షోలో ఇంకో నటుడు కార్ల్ రైనర్ హోస్టు. ప్రేక్షకుల్లో కూర్చున్న సీజర్ దగ్గరికొచ్చి పేరు చెప్పగానే, అతను సంతోషించడానికి బదులు పారిపోతాడు. లాక్కొచ్చి కూర్చోబెట్టాక అంకుల్ గూపీగా హోవర్డ్ మోరిస్ వస్తాడు. కౌగలించుకుంటాడు, ఏడుస్తాడు, వదలడు. పక్కకి తీస్తే మళ్ళీ పరిగెత్తుకొస్తాడు. చివరికి సీజర్ కాలు చుట్టుకుని వేలాడుతుంటే సీజర్ ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. మన అప్పగింతల్లో పెళ్ళికూతురి తల్లిదండ్రులకంటే గట్టిగా ఏడ్చే దూరపు మావయ్య ఒకాయన ఉంటాడు చూడండి, అచ్చం ఆయనే. ఇందులో ఎవరి రంగునీ, ఒంటినీ, కులాన్నీ, పేదరికాన్నీ వెక్కిరించలేదు. ప్రేమ ఎక్కువైతే ఎంత భరించలేమో అదొక్కటే పట్టుకున్నారు.

ఇప్పుడు నాకు అసలు బాధ కలిగించే చోటికి వస్తాను. సీజర్‌కి జోడీగా చేసిన హాస్యనటి ఇమోజిన్ కోకా.

ఈ షో గురించి ఏం చదివినా సీజర్ ఒక పేజీ, రచయితలు పది పేజీలు, కోకా ఒక వాక్యం. ఇది అన్యాయం. షో మొదలయ్యేనాటికి ఆవిడకి నలభై దాటింది. చిన్నప్పటి నుంచీ స్టేజీ మీదే బతుకు. 1934లో బ్రాడ్‌వేలో ఒక రెవ్యూకి రిహార్సల్ జరుగుతుంటే థియేటర్ గడ్డకట్టే చలిగా ఉందని నిర్మాత కోటు అడిగి వేసుకుంది. తనకి అది మరీ పెద్దది. ఒళ్ళు వేడెక్కడానికి తోటివాళ్ళతో కలిసి పిచ్చి గెంతులేసింది. అది చూసిన నిర్మాత ఆ గెంతుల్నే షోలో పెట్టేశాడు. చలికి వణికిన మనిషి దాన్నే అంశంగా మార్చుకుంది. ఆ కళ్ళు, ఆ నోటి వంపు, ఒక్క కనుబొమ్మతో మొత్తం సంసారం చెప్పగలిగిన ఆ ముఖం! హికెన్‌లూపర్ దంపతుల స్కెచ్‌లలో డోరిస్‌గా ఆవిణ్ణి చూడండి. కారు గుద్దేసిన సంగతి మొగుడికి తెలియకుండా దాచాలి. సీజర్ మాట్లాడుతుంటాడు, నేను మాత్రం ఆవిడ ముఖమే చూస్తాను. అబద్ధం ఎలా తయారవుతుందో ఆ ముఖం మీద దశలవారీగా కనబడుతుంది.

రచయితల గదిలో లూసిల్ కాలెన్ అని ఒకావిడ ఉండేది. ఇంకో రచయిత మెల్ టోల్కిన్‌తో కలిసి, టామిమెంట్ రోజుల నుంచీ లీబ్‌మన్‌కి రాసినావిడ. మెల్ బ్రూక్స్ పేరు ఎవరికీ తెలియక ముందు నుంచీ ఉన్న మనిషి. గది నిండా గొంతులు చించుకునే మగవాళ్ళు, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. తన మాట వినిపించాలంటే బల్ల ఎక్కి ఎర్ర స్వెటర్ ఊపేదాన్నని ఆవిడే చెప్పింది. అందరూ దాన్ని సరదా కథగా చెప్పుకుంటారు. నాకు సరదాగా అనిపించదు. మా నాటక సమాజంలో నేను రాసిన నాటికకి నేను చెప్పిన మార్పు ఎవరూ వినలేదు. అదే మార్పు పది నిమిషాల తర్వాత ఒక మగ ఆర్టిస్టు చెబితే "భలే" అన్నారు. అలా జరగడం ఒక్కసారి కాదు. కాలెన్ స్వెటర్ సంగతి చదివిన రోజు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. డోరిస్ డైలాగుల్లో, సంసారంలో ఆడమనిషి చిన్న చిన్న భయాల్ని పట్టుకున్న తీరులో, ఆవిడ చెయ్యి ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో స్కెచ్ గురించి చెప్పకపోతే తప్పు. బవేరియాలో ఒక ఊరి గంటల గడియారం. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు బయటికొచ్చి తమ పని చేసి లోపలికి వెళ్ళిపోతాయి. ఆ బొమ్మలు సీజర్, కోకా, రైనర్, మోరిస్. ఒక్క మాట లేదు. మొదటిసారి అంతా సవ్యంగా నడుస్తుంది. తర్వాత గడియారం చెడిపోతూ వస్తుంది. తాళం తప్పుతుంది, ఒకరి సుత్తి ఇంకొకరికి తగులుతుంది, కానీ బొమ్మలు కాబట్టి ఏ ముఖంలోనూ ఏ భావమూ ఉండకూడదు. నలుగురు మనుషులు అరసెకను కూడా తేడా లేకుండా తాళం తప్పాలి. తాళంలో ఉండటం కంటే అలా తప్పడం ఎంత కష్టమో స్టేజీ ఎక్కిన ఎవరినైనా అడగండి. అదీ లైవ్‌లో.

1954లో ఎన్‌బీసీ వాళ్ళు ఒక హిట్టు షోని మూడు ముక్కలు చేశారు. సీజర్‌కి ఒకటి, కోకాకి ఒకటి, లీబ్‌మన్‌కి వేరే భారీ ప్రోగ్రాములు. ముగ్గురు విడిగా ఉంటే మూడు హిట్లు వస్తాయని లెక్క. సీజర్ 'సీజర్స్ అవర్' బాగానే నడిచింది. అందులోనే ఆపెరా పేరడీ చేస్తూ చెంప మీద కన్నీటి చుక్క గీసుకుంటుంటే మేకప్ పెన్సిల్ విరిగిపోయింది. సీజర్ పాట ఆపకుండా ఆ చెంప మీదే అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, సున్నాలూ ఇంటూలూ పెట్టే ఆట ఆడేశాడు. కోకా షో ఒక్క సీజనుతో ఆగిపోయింది. ఉమ్మడి కుటుంబంలో వాటాలు పంచాక ఇల్లు ఎవరికీ మిగలనట్టు అయింది. తర్వాత కలిసి చేశారు, 1967లో నలుగురితో ఒక స్పెషల్ కూడా వచ్చింది, కానీ ఆ నాలుగేళ్ళ శనివారాలు మళ్ళీ రాలేదు.

మనకి ఇవాళ ఇంతైనా మిగలడం అదృష్టమే. అప్పట్లో లైవ్‌ని దాచడానికి టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి తీసేవారు, దాన్ని కినెస్కోప్ అంటారు. మసకగా ఉండేది అందుకే, అంతేగానీ వాళ్ళ పని మసకగా ఉండి కాదు. ఆ కాలం రీళ్ళు ఎన్నో చెత్తలో పోయాయి. లీబ్‌మన్ తన కాపీలు దాచుకున్నాడు కాబట్టి 1973లో పది స్కెచ్‌లు కలిపి సినిమాగా వేయగలిగారు. 2000లో న్యూయార్క్ సిటీ సెంటర్ భవనంలో, ఆయన పాత ఆఫీసులో తాళం వేసిన అరలో పెట్టెలకి పెట్టెలు స్క్రిప్టులు దొరికాయి. అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. మన దూరదర్శన్‌లో టేపులు చెరిపి మళ్ళీ వాడుకున్న రోజులు తెలిసినదాన్ని కాబట్టి, ఆ తాళం వేసిన అర సంగతి చదివినప్పుడు ఏడుపొచ్చింది.

వర్క్‌షాప్ ఆయనకి ఈ పోస్టు పంపిస్తున్నాను. కోపంతో కాదు. ఆయనకి ఆ పేరు తెలుసు, అదే చాలా ఎక్కువ. వచ్చేసారి పాఠం చెప్పేటప్పుడు కిటికీ కథ మానేసి, ఆ సమయంలో గడియారం బొమ్మల స్కెచ్ వేసి చూపించమని అడుగుతున్నాను.

మీరు మొదలుపెట్టాలంటే అంకుల్ గూపీతో మొదలుపెట్టండి. తర్వాత జనరల్. కోకాని చూసేటప్పుడు మాత్రం రెండుసార్లు చూడండి, మొదటిసారి సీజర్ అడ్డమొస్తాడు.

ఇందాకే అమ్మ వంటింట్లోంచి కేకేసింది: "ఆ కాలు పట్టుకునేవాడిది ఇంకోసారి పెట్టవే."