నెయ్యి డబ్బా వెనక్కి వస్తే?

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్సు, శుక్రవారం రాత్రి. దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒకే టీములో పనిచేస్తారు ఈ ఇద్దరూ. అక్కది గుంటూరు, చాలా ఏళ్లుగా టెస్టింగ్‌లోనే ఉంది. తమ్ముడిది అనంతపురం, కోడు రాస్తాడు. ఆ కోడు సరిగ్గా పనిచేస్తోందో లేదో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాముల్నే వీళ్లు టెస్టులంటారు; తేడా వస్తే ఆ టెస్టు తెరమీద ఎర్రగా పడుతుంది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి 12, 28 శాతం శ్లాబులు తీసేయాలని నిర్ణయించింది, 22 నుంచి అమలు. మధ్యలో మూడు వారాలు కూడా లేవు. గొడవంతా ఆ రోజుల గురించే. నా మొగ్గు అక్క వైపని ముందే చెబుతున్నాను. అయినా తమ్ముడి కోపం ఊరికే వచ్చింది కాదు.

తమ్ముడు: నీకు కోపమొచ్చినా సరే చెప్తానక్కా. కోడు మార్చడానికి నాకు ఒక పూట పట్టింది, టెస్టులు సరిచేయడానికి వారం పట్టింది. నెయ్యి 12 నుంచి 5కి దిగింది, షాంపూ 18 నుంచి 5కి. ఇంతోటి దానికి వందల టెస్టులు ఎర్రగా పడ్డాయి.

అక్క: ఎందుకు పడ్డాయో చూశావా?

తమ్ముడు: చూశా. ఎక్కడ చూసినా 12 అని అంకెనే నేరుగా రాసేసి, హార్డ్‌కోడ్ చేసిపెట్టారు.

అక్క: టెస్టుల్లోనేనా? డిస్కౌంటు లెక్కలో ఒక 12 దొరికింది, నెలాఖరు రిపోర్టులో ఇంకోటి. ఆ ఎరుపే లేకపోతే 22 పొద్దున ఎవరి కౌంటరు దగ్గర బయటపడేవి అవి?

తమ్ముడు: అవి రెండే కదక్కా. మిగతావి? ఫంక్షను, అంటే కోడులో ఒక ముక్క, దాని పేరు మారిస్తే పడే టెస్టు, ఏ ఫంక్షను దేన్ని ఎన్నిసార్లు పిలిచిందో లెక్కపెట్టే టెస్టు. వాటికి జడిసి మనవాళ్లు పాత కోడు జోలికే పోవట్లేదు. పైగా ఎన్ని రాసినా టెస్టు తప్పు ఉందని చూపుతుంది గానీ లేదని చూపలేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1970లోనే చెప్పాడు.

అక్క: చెప్పాడు. అందుకని చూడ్డమే మానేద్దామా? 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన 40 సెకన్లకల్లా ముక్కలైపోయింది. అంతకుముందు రాకెట్టు ఏరియన్ 4 కోడునే తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్టు అడ్డం వేగం ఎక్కువ, 64 బిట్ల చోటులో ఉన్న అంకెను 16 బిట్ల చోటులోకి కుక్కబోతే పట్టలేదు. కొత్త రాకెట్టు దారి లెక్కలతో ఆ భాగాన్ని ఒక్కసారి పరీక్షించి ఉంటే నేలమీదే దొరికిపోయేది.

తమ్ముడు: ఏరియన్ నా సాక్షి అక్కా! కుప్పకూలిన ఆ భాగానికి, రాకెట్టు లేచాక ఏరియన్ 5లో పనే లేదు. పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకని అలాగే ఉంచేశారు. రాకెట్టు ప్రాణం తీసింది ఆ భయమే.

(ఈ మాట దగ్గర అక్క వెంటనే బదులివ్వలేదు. పెరుగన్నం కలుపుతూ కూర్చుంది.)

అక్క: సరే, మన సంగతి చెప్పు. 20న కొన్న నెయ్యి డబ్బాని 24న వెనక్కి తెచ్చారు. ఏ రేటున పన్ను తిరిగివ్వాలి?

తమ్ముడు: కొన్ననాటి రేటు. 12.

అక్క: మన బిల్లు ఎంత చూపించింది?

తమ్ముడు: ...5.

అక్క: ఆ దుకాణం పెద్దాయన నాకే ఫోన్ చేశాడు. "అమ్మా, నా పాత గిరాకీ ముందు దొంగలా నిలబడ్డాను" అన్నాడు. ఆ టెస్టు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా.

తమ్ముడు: వందల టెస్టులుండీ అది దొరకలేదంటే ఎందుకో ఆలోచించు. రేటుని సరుకుకి అంటించాం. తేదీతో పాటు పట్టికలో పెడదామని ఆ సంకురాత్రికే అడిగా. టెస్టులన్నీ పడిపోతాయని ఆపింది నువ్వే.

అక్క: ఆపాను. ఏవి పడతాయని ఆ రోజే అడగాల్సింది. కోడు లోపలి తీగలు పట్టుకుని వేలాడేవన్నీ పీకెయ్, నేను అడ్డురాను. దుకాణదారు కళ్లతో చూసి రాసినవి మాత్రం ఒక్కటీ ముట్టుకోవద్దు.

తమ్ముడు: ఏది ఏదో ఎవరు తేలుస్తారు?

అక్క: ఇద్దరం. సోమవారం కూర్చుందాం. మొదట నెయ్యి డబ్బా టెస్టు, నువ్వు కోడు రాయకముందే. అది ఎర్రగా పడ్డం చూశాకే పట్టిక మొదలుపెట్టు.

తమ్ముడు: దీనికి మాత్రం ఒప్పుకోనక్కా. కోడు ఏ రూపు తేలుతుందో తెలీకుండా టెస్టు ఎలా రాస్తాను?

అక్క: 20న కొన్నాడు, 24న తెచ్చాడు, 12 శాతం తిరిగివ్వాలి. ఇందులో నీ కోడు గురించి ఒక్క మాటుందా?

తమ్ముడు: లేదు... అక్కా, 20న రెండు డబ్బాలు కొని, ఒకటే వెనక్కి తెస్తే?

అక్క: అదీ రాయి.