అన్‌ఫిట్ అని రాశాక డ్రైవర్ ఎక్కడికి పోవాలి?

మా బాబాయి బస్సు డ్రైవర్. మెడికల్‌కు రమ్మని కబురు వస్తే చాలు, పది రోజుల ముందు నుంచే ఇంట్లో వంట మారిపోయేది. అన్నం బదులు జొన్నరొట్టె, టీలో పంచదార బంద్, పొద్దున్నే మెంతుల నీళ్లు. పరీక్ష అయిపోగానే మళ్లీ మామూలే. ఆయనకు షుగర్ ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు, డిపోలో మాత్రం తెలియకూడదు. యాభై మందిని వెనక కూర్చోబెట్టుకుని నడిపే మనిషి అలా దాచడం తప్పే. కానీ పిల్లలిద్దరూ కాలేజీలో ఉన్న ఆ రోజుల్లో స్టీరింగ్ చేజారితే ఏం తినాలన్న టెన్షన్ ముందు ఆ తప్పు చిన్నగా కనిపించింది.

ఉపవాసంతో చేసే షుగర్ పరీక్షను నాలుగు రోజుల పథ్యంతో కొంతవరకు తప్పించుకోవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని తప్పించుకోలేరు. అందుకని పరీక్షలు కఠినం చేస్తే సరిపోతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. రిపోర్టులో ఏముంటుందోనని భయపడే మనిషి డాక్టర్ దగ్గరికే వెళ్లడు. మందులు సక్రమంగా వాడడు. అదుపు తప్పిన షుగర్ మెల్లగా కంటి రెటీనాను తినేస్తుంది. బాబాయి రిటైరయ్యాకే మొదటిసారి కంటి డాక్టర్‌కు చూపించుకున్నారు. అప్పటికే కన్ను దెబ్బతిని ఉంది. అంతకుముందు రెండేళ్లు ఆయన నైట్ డ్యూటీలు చేశారు.

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2014లో ఆర్టీసీలో చేరిన ఓ డ్రైవర్‌కు ఆ తర్వాతి పరీక్షలో రంగులు గుర్తించే చూపు సరిగా లేదని తేలింది. వేరే పని ఇవ్వమని అడిగినా ఇవ్వకుండా 2016 జనవరిలో ఇంటికి పంపారు. కలర్ బ్లైండ్ అయిన డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇస్తామని 1979లోనే కార్మికులతో కుదిరిన ఒప్పందం ఉంది. దాన్ని పక్కన పెట్టడం చెల్లదని కోర్టు తేల్చింది. ఎనిమిది వారాల్లో తగిన ఉద్యోగం ఇవ్వాలని, పాత బకాయిల్లో 25 శాతం చెల్లించాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. రంగుల చూపు లోపం ఎక్కువ మందికి పుట్టుకతో వచ్చేదే. అలాంటిది చేరేటప్పటి పరీక్షలో ఎందుకు పట్టుకోలేకపోయారన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. ఒకవేళ లోపం అప్పుడే ఉండి ఉంటే, పరీక్షించినవాళ్ల పొరపాటుకు శిక్ష డ్రైవర్‌కు పడ్డట్టు కాదా?

చట్టం ఏం చెబుతోంది? సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే రిటైరయ్యే దాకా అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. వికలాంగుల హక్కుల కోసం తెచ్చిన 1995 చట్టంలోని 47వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోని 20వ సెక్షన్ చెప్పేది ఇదే. చిక్కల్లా వైకల్యాల జాబితాతోనే. 2016లో దాన్ని 21కి పెంచారు గానీ షుగర్, బీపీ, గుండె జబ్బు అందులో లేవు. రంగుల చూపు లోపమూ లేదు. అంటే, డ్రైవర్లను అన్‌ఫిట్ చేసే మామూలు జబ్బులకే ఆ రక్షణ దొరకడం లేదు.

రైల్వేలో అన్‌ఫిట్ అయినవాళ్లకు వేరే పని ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. లోకో పైలట్లకు 45 ఏళ్ల వయసు వరకు నాలుగేళ్లకోసారి, 55 వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష చేస్తారు. ఫెయిలైతే ఇంజిన్ దిగాల్సిందే, కానీ ఉద్యోగం పోదు. జీతానికి రక్షణ ఇచ్చి వేరే పనిలోకి మారుస్తారు. అక్కడా ఆలస్యాలున్నాయి, ఇష్టంలేని సీట్లున్నాయి. అయినా రేపటి అన్నం గురించిన భయం ఉండదు.

దీనికి పూర్తిగా తలకిందులైన కథ సింగరేణిది. అక్కడ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే, కొన్ని షరతులతో, వారసుడికి కారుణ్య నియామకం దొరుకుతుంది. దాంతో కార్మికులు అన్‌ఫిట్ రాయమని అడుగుతారు. బోర్డు చుట్టూ దళారులు, పైరవీలన్న ఆరోపణలు ఏళ్లుగా వార్తల్లో వస్తూనే ఉన్నాయి. నిజంగా ఊపిరితిత్తులు చెడిన కార్మికుడు కూడా ఆ అనుమానంలోనే కొట్టుకుపోతాడు. బస్సు డిపోలో జబ్బును దాచేవాళ్లు, బొగ్గుబావి దగ్గర జబ్బును చూపించుకునేవాళ్లు వేరే రకం మనుషులు కారు. అన్‌ఫిట్ సర్టిఫికెట్ చేతికొచ్చాక జరిగేదే రెండుచోట్లా వేరు.

వేరే పని ఇవ్వడానికి పోస్టులు ఎక్కడున్నాయని సంస్థలు అడుగుతాయి. నష్టాల్లో నడిచే సంస్థకు అది భారమే, కాదనను. కానీ బస్‌స్టేషన్‌లో టికెట్ కౌంటర్లు, ఎంక్వైరీ, కార్గో, గ్యారేజీ గేటు ఉన్నాయి. వీటిలో చాలా పనులకు బయటినుంచి మనుషులను తెచ్చుకునే ముందు, పాతికేళ్లు బస్సు నడిపిన మనిషికి ఒక అవకాశం ఇవ్వొచ్చు. అన్‌ఫిట్ అని చెప్పే ఆర్డర్‌లోనే అతను రేపు ఎక్కడ, ఏ జీతానికి రిపోర్ట్ చేయాలో రాసి ఉండాలి. ఆ రెండు ముక్కలు రాయించుకోవడానికే ఆ ఆర్టీసీ డ్రైవర్‌కు తొమ్మిదిన్నరేళ్లు పట్టింది, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్తే.