కిలోమీటర్లతో పాటు నెలలనూ లెక్కించాలి

కారు ఇంజనులో పోసే సింథటిక్ ఆయిల్‌ను (కృత్రిమంగా తయారుచేసిన ఇంజను ఆయిల్‌ను) 15,000 కిలోమీటర్ల వరకు మార్చనక్కరలేదని ఒక వ్యాసంలో రాసిన మాట, రహదారిపై నిత్యం దూరాలు తిరిగే కార్లకు, అదీ కారుతో ఇచ్చిన పుస్తకం అనుమతిస్తేనే, వర్తిస్తుంది. అమలాపురం, రాజోలు వైపు చాలా కార్లు బడికో బజారుకో రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతాయి. ఇంజను పూర్తిగా వేడెక్కనందున లోపల చేరిన తేమ, మండని పెట్రోలు ఆయిల్‌లోనే మిగిలి దాని గుణాన్ని తగ్గిస్తాయి. అందువల్ల ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగినా ఏడాదికొకసారి మార్చవలసిందే. (ఆరు నెలలకే మార్చమనే మెకానిక్కుల మాట మాత్రం నాకు అతిగానే తోస్తుంది.) గోదావరి వరదనీటిలో ఇంజను మునిగితే ఈ లెక్కలేవీ పనికిరావు: స్టార్ట్ చేయకుండానే షెడ్డుకు చేర్పించి, సిలిండర్లలో నీరు లేదని చూసి, ఆయిల్‌నూ ఫిల్టరునూ మార్పించిన తరువాతే ఇంజను తిప్పాలి.