మహారాజశ్రీ లక్ష్యాల పత్రం గారికి

మహారాజశ్రీ లక్ష్యాల పత్రం గారి దివ్య సముఖమునకు, ఎడ్యుకేషనల్ టెక్నాలజీ కోర్సులో మూడో సెమిస్టర్ ఈదుతున్న ఒక టీచరమ్మ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. ప్రొజెక్టర్‌కి మాత్రం ఒంట్లో బాగోలేదు.

మనకు పరిచయమై ఏడాదిన్నర కావస్తోంది. సెమిస్టర్ మొదట్లో మిమ్మల్ని నింపాలి, చివర్లో దిద్దాలి. "మీ లక్ష్యాలు ఎలా మారాయి? 300 పదాల్లో రాయండి" అని మీ అడుగున ఒక గడి ఉంటుంది. మారకపోతే మార్కులు పోతాయి కాబట్టి ఇన్నాళ్లూ మార్చుకుంటూ వచ్చాను. ఈసారి అవి వాటంతట అవే మారాయి. తీరా చూస్తే ఆ గడిలో పట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి సెమిస్టర్‌లో మీ నుదుట ఏం రాశానో గుర్తుందా? "సాంకేతికత సాయంతో విద్యారంగంలో సమూల పరివర్తన తీసుకురావడం." అప్పటికి నాకు ప్రొజెక్టర్‌ని కంప్యూటర్‌కి తగిలించడం రాదు. తొమ్మిదో తరగతి నుంచి ఒక పిల్లాడొచ్చి తగిలించి వెళ్లేవాడు. పరివర్తన నాది, కేబుల్ వాడిది.

నేల విడిచి సాము చేశానని సిగ్గుపడలేదు లెండి, ఎందుకంటే నాకు తోడు ఎడిసన్ అంతటివాడున్నాడు. బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, సినిమా బొమ్మలే పాఠాలు చెబుతాయని ఆయన 1913లోనే జోస్యం చెప్పాడు. నూట పదేళ్లు దాటినా పిల్లల బ్యాగు బరువు తగ్గలేదు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, 1950ల్లో మనస్తత్వవేత్త స్కిన్నర్ గారి బోధన యంత్రం వచ్చింది. 2012 వచ్చేసరికి ఆన్‌లైన్ కోర్సులు విశ్వవిద్యాలయాలను మింగేస్తాయన్నారు. వచ్చిన ప్రతిదీ మాస్టారికి సెలవు చీటీ రాసి మరీ వచ్చింది. మాస్టారు మాత్రం ఇంకా అటెండెన్స్ తీసుకుంటూనే ఉన్నాడు.

నా సమూల పరివర్తన కింద మా గైడ్ గారు ఎర్రగీత గీసి, "కొలవడానికి వీల్లేదు. స్మార్ట్‌గా రాయండి" అన్నారు. స్మార్ట్ అంటే తెలివి అనుకుని నొచ్చుకున్నాను. కాదట. నిర్దిష్టంగా ఉండాలి, కొలవగలగాలి, గడువుండాలి, అలా అయిదు షరతులకు అయిదు ఇంగ్లిష్ అక్షరాలు (SMART). ఈ అయిదక్షరాల మంత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన కంపెనీ మేనేజర్ల కోసం వాళ్ల పత్రికలో రాశాడు. ప్రతి లక్ష్యాన్నీ అంకెల్లో పెట్టడం అన్నిచోట్లా కుదరదని అదే వ్యాసంలో ఆయనే ఒప్పుకున్నాడు కూడా. ఆ ముక్క మీ దాకా వచ్చేలోపు దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది.

ఇక "అర్థం చేసుకోవడం" సంగతి. "పిల్లలు భిన్నాలను అర్థం చేసుకుంటారు" అని రాస్తే మీరు ఒప్పుకోలేదు. అర్థమైందని కంటికి ఎలా కనిపిస్తుంది, కనిపించే క్రియ వాడు అన్నారు. న్యాయమే, బోధన లక్ష్యాలు ఎలా రాయాలో పుస్తకం రాసిన మేగర్ గారు 1962లోనే చెప్పిన మాటే. కానీ నేర్చుకోవడాన్ని మెట్లుమెట్లుగా పేర్చిన బ్లూమ్ నిచ్చెన ఉందే, మీరే నన్ను చదవమన్నది, దాన్ని 2001లో సవరించినప్పుడు రెండో మెట్టుకు పెట్టిన పేరు సాక్షాత్తూ "అర్థం చేసుకోవడం". మెట్టు ఎక్కొచ్చు, దాని పేరు మాత్రం పలకకూడదన్నమాట. అత్తగారింట్లో మొగుడి పేరులాగా.

సరే, రెండో సెమిస్టర్‌లో బుద్ధిగా రాశాను. "35 మంది పిల్లల్లో కనీసం 90 శాతం మంది భిన్నాలను పోల్చే క్విజ్‌లో పదికి ఎనిమిది తెచ్చుకుంటారు." దానికోసం 47 స్లైడ్లు చేశాను. వృత్తాలు వచ్చేవి, గిర్రున తిరిగేవి, ముక్కలయ్యేవి, ముక్కలకు రంగులు పడేవి. ఒక్కో స్లైడ్‌కి పట్టిన టైములో కాగితం చింపి చూపిస్తే పాఠం అయిపోయేది, అది వేరే విషయం. క్విజ్‌కి మ్యూజిక్ కూడా పెట్టాను. రెండు భిన్నాల్లో పెద్దదాన్ని ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. క్లాసు జాతరలా ఉండేది. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో నిలబడి ముచ్చటపడ్డారు. 33 మందికి ఎనిమిది దాటాయి. మీ గడిలో "సాధించబడింది" అని టిక్కు పెట్టాను. మీరు పచ్చగా మెరిశారు.

వారం తిరక్కుండానే భిన్నాల కూడిక మొదలుపెట్టాను. రెండు స్లైడ్లు నడిచాయో లేదో తెర మీద నీలం తప్ప ఏమీ లేదు. తొమ్మిదో తరగతి పిల్లాడు ఆ రోజు రాలేదు. "ఏమైనా డౌట్సా?" అని అలవాటుగా అడిగేసి, ప్రొజెక్టర్ వెనక్కి వంగి కేబుల్ తీసి పెట్టడం మొదలుపెట్టాను. తీసి పెట్టి, ఊది పెట్టి, తిప్పి పెట్టి, అర నిమిషం పైనే అయ్యుంటుంది. మామూలుగా అయితే ఆ ప్రశ్నకు జవాబు కూడా నేనే చెప్పేస్తాను, "లేవుగా, సరే" అని. ఆ రోజు నోట్లో టేపు ముక్క ఉంది.

ఆ నిశ్శబ్దంలో చివరి బెంచీ నుంచి ఒక గొంతు. "టీచర్, మూడు కన్నా నాలుగు పెద్దది కదా. మరి 1/3 కన్నా 1/4 చిన్నదెందుకైంది?"

నేను లేచి నిలబడ్డాను. వాడికి క్విజ్‌లో తొమ్మిది వచ్చాయి. "మరి ఆ రోజు అన్నీ ఎలా కరెక్టుగా పెట్టావు నాన్నా?"

"కింద చిన్న అంకె ఉన్నదాన్ని నొక్కాలి టీచర్. అది ఎప్పుడూ కరెక్టే."

స్టాఫ్ రూమ్‌కి వెళ్లి క్విజ్ తెరిచి చూసుకున్నాను. పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి పైన ఒకటే అంకె, 1. పదోది మాత్రం 3/4, 1/2. వాడికి తప్పింది అదొక్కటే. క్లాసులో ఇంకెంతమంది ఆ చిట్కాతో నొక్కారో మీ పచ్చ టిక్కు నాకు చెప్పలేదు. దానికి తెలిస్తే కదా.

ఆ రాత్రి కోర్సు పుస్తకాలు మళ్లీ తీశాను. రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు 1983లో ఒక పోలిక చెప్పాడు. సరుకులు మోసుకొచ్చే లారీ వల్ల మన ఒంటికి బలం రాదు, పాఠాన్ని మోసుకొచ్చే మాధ్యమం (టీవీ, కంప్యూటర్ లాంటివి) కూడా అలాంటిదేనని. పరీక్ష కోసం బట్టీపట్టి 15 మార్కులకు రాసిన ముక్క అది. కోజ్మా అనే ఇంకో పరిశోధకుడు ఆయనతో వాదించాడని, లారీకీ కొంత విలువుందన్నాడని కూడా రాశాను. రాసినప్పుడు రెండూ అర్థం కాలేదు. (నిషిద్ధ క్రియ వాడినందుకు క్షమించండి.) నా 47 స్లైడ్లు దీపాలు, పూలదండలు కట్టిన లారీ. లోపల సరుకు పది ప్రశ్నలు, అందులో తొమ్మిది ఒకే బస్తాలోవి.

ఇంకోచోట మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలి పరిశీలన కనిపించింది. 1970ల నాటిది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతారట, అంతే. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా ఎత్తుతారు. మా క్లాసులో ఆ పరిశోధనను పునరావృతం చేసిన ఘనత చెడిపోయిన కేబుల్‌ది.

కాబట్టి మహాప్రభో, ఈ సెమిస్టర్‌కి నా లక్ష్యం ఇదీ: "ప్రశ్న అడిగాక మూడు సెకన్లు నోరు మూసుకోవడం." నిర్దిష్టం. కొలవొచ్చు. ఖర్చు లేదు. అయినా మీరు ముందుకు కదలనివ్వలేదు. "వినియోగించిన సాంకేతిక సాధనం" అన్న గడికి ఎర్ర చుక్క పెట్టి కూర్చున్నారు. ప్రొజెక్టర్, స్మార్ట్ బోర్డు, ట్యాబ్, ఇతరములు. ఇతరములు నొక్కి "నోరు (ఆఫ్‌లో)" అని రాశాను. "చెల్లదు" అన్నారు. "గోడ గడియారం" అని రాస్తే ఒప్పుకున్నారు.

రెండో రోజే గైడ్ గారి వ్యాఖ్య వచ్చింది. "లక్ష్యం బాగుంది. ఆధారం జతపరచండి." నిశ్శబ్దానికి ఆధారం ఎక్కణ్నుంచి తేను? చివరికి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి టేబుల్ మీద ఉంచి పాఠం చెప్పాను. మూడు సెకన్లు ఏం ఖర్మ, అయిదు ఆగానని నా నమ్మకం.

ఇంటికొచ్చి విన్నాను. "2/3 పెద్దదా, 3/5 పెద్దదా?" అని నా గొంతు. తర్వాత ఫ్యాన్ చప్పుడు. ఎవరో బెంచీ జరిపారు. రెండు సెకన్లు కూడా నిండలేదు, మళ్లీ నా గొంతే. "చెప్పండి చెప్పండి, ఈజీయే కదా, ఎవరైనా?" మొత్తం పీరియడ్‌లో పదకొండు ప్రశ్నలు. మూడు సెకన్లు ఆగింది ఒకదానికి, అదీ దగ్గొచ్చి. రెండు నెలలుగా ఆ ఫోన్ రోజూ నా చేతి సంచిలోనే ఉంది. కోర్సులో చేరాక నాకు పనికొచ్చిన మొదటి సాంకేతిక సాధనం అదే. మీ పట్టికలో దాని పేరు కూడా లేదు, చూసుకోండి.

నిన్నటి రికార్డింగ్ ప్రకారం పదకొండింటిలో నాలుగు. చివరి బెంచీ వాడు నిన్న రెండుసార్లు మాట్లాడాడు. ఒకటి తప్పు జవాబు. రెండోది "టీచర్, ఎందుకలా చూస్తూ నిలబడ్డారు?" అని.

కావున తమరు దయచేసి "ప్రగతి" గడిలో "సాధించబడింది", "సాధించబడలేదు" అన్న రెంటికీ మధ్య నాకొక చిన్న చోటు ఇప్పించి, గడువు మరో సెమిస్టర్ పొడిగించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఆరో తరగతి లెక్కల టీచర్

తా.క.: 300 పదాలు దాటాయి. మన్నించగలరు.