పట్టేసిన పిస్టన్ సాక్షిగా అందాజ గారికి లేఖ

హనుమకొండ

మహారాజశ్రీ అందాజ గారికి,

నమస్కారం. కొలవకుండా ఉజ్జాయింపుగా పని కానిచ్చే తమరు కులాసాగానే ఉన్నారని తెలుస్తోంది. ములుగు రోడ్డు షెడ్లలో బల్లల మీద పరిచిన పిస్టన్లే అందుకు సాక్ష్యం. ఎర్రమట్టి బాటల్లో దుంకించడానికి సిద్ధం చేసిన యమహా టూ-స్ట్రోక్ బండ్లు, ఆర్‌ఎక్స్ 100లు, 135లు తమరి చేతిలో పడి పిస్టన్ బిగుసుకుని పట్టేస్తున్నాయి. తమరేమో "ఏం కాదు తమ్మీ, ఒక పిస్టన్ ఏస్తె సెట్టయితది" అంటూ పక్క షెడ్డుకు వెళ్లిపోతారు.

తమరు తాతల నాటి వారసత్వమని కొందరు వెనకేసుకొస్తారు. అబద్ధం. మానిక మీద కుప్ప ఉంచాలా, చేత్తో కొట్టెయ్యాలా అని వడ్ల కల్లంలో పంచాయితీ పెట్టుకున్నవాళ్లు మన తాతలు. వాళ్ల గిద్దెకూ సోలకూ లెక్కుంది. తమరు టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ డబ్బా మూతతో పాటు పుట్టినవారు.

ముందు ఆ మూత సంగతే చూద్దాం. ఆయిల్ పంపు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపే బండికి 40:1 (నలభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) అంటే లీటరుకు 25 మి.లీ., ఐదు లీటర్లకు 125. 32:1 అయితే లీటరుకు 31. మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో అయిపోయే పని. తమరి లెక్క మాత్రం "రెండు మూతలు". ఏ డబ్బా మూతో అడిగితే కోపం. పైగా "ఇంకో మూత ఎక్కువెయ్, ఇంజిన్‌కు సల్లగుంటది" అని ఉదారత ఒకటి. ఆయిల్ ఎక్కువైతే కార్బొరేటర్‌లో అదే జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) గుండా పోయే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది, మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) వైపు జరుగుతుంది. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, దానికి గాలి తక్కువ కావాలి. కాబట్టి పాత జెట్ మీద అది కూడా లీన్ చేసేదే. ఆపైన సౌండ్ కోసం సైలెన్సర్ మార్చి, ఎయిర్ బాక్స్ మూత తీసి పడేస్తారు. ఇన్ని చేసి మెయిన్ జెట్ మాత్రం ముట్టుకోరు. పిస్టన్ పట్టెయ్యక ఏం చేస్తుంది?

పట్టేశాక తమరి మొదటి సలహా "కిక్ మీద నిలబడు". దయచేసి ఆపండి. పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్ తీసి చూడాలి. పింగాణీ మీద మెరిసే చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియమే. తర్వాత బోరు (సిలిండర్) ఊడదీసి, పిస్టన్‌ను తిప్పితిప్పి చదవాలి. అది తమరి కన్నా నిజాయితీగా మాట్లాడుతుంది. చుట్టూ నాలుగు చోట్ల గీతలుంటే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్ రేస్ చేశారు, లేదా పిస్టన్‌కూ బోరుకూ మధ్య గ్యాప్ మరీ తక్కువగా బోర్ కొట్టారు. బోరు లోపలి ఇనుప స్లీవ్ కన్నా అల్యూమినియం పిస్టన్ త్వరగా ఉబ్బుతుంది కదా. గీతలు ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వైపే ఉంటే లీన్, వేడి. చుట్టూరా ఉండి, పిన్ దగ్గర నీడిల్ బేరింగ్ నీలంగా మారితే ఆయిల్ అందలేదు. ఇన్‌టేక్ (మిక్చర్ లోపలికి వచ్చే) వైపు స్కర్ట్, అంటే పిస్టన్ కింది గోడ, ఉప్పుకాగితంతో రుద్దినట్టు మసకబారితే దుమ్ము తాగింది. మేడారం బాట దుమ్ము, పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ వైపు ఎగిరే నూగు, ఆయిల్ పట్టించని ఫోమ్ ఫిల్టర్. పిస్టన్ తల అంచు ఎలుక కొరికినట్టుంటే డిటొనేషన్ (మిక్చర్ ఒక్కసారిగా పేలడం), అప్పుడు స్పార్క్ టైమింగ్ చూడాలి.

ఇవేవీ చూడకుండా కొత్త పిస్టన్ వేస్తే కొత్తది కూడా అదే దారిన పోతుంది. తమరి గిరాకీ అంతా అక్కడే కదా!

తమరు జన్మలో చేయని పని ఒకటుంది, లీకు పరీక్ష. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రబ్బరు బిరడాలతో మూసి, పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి, ప్లగ్ రంధ్రం నుంచి గాలి కొట్టాలి. ఖరీదైన సామానేం అక్కర్లేదు, బీపీ చూసే మిషను బల్బు, గేజు చాలు. ముల్లును 300 దగ్గర నిలిపితే దాదాపు 5.8 పీఎస్‌ఐ. ముల్లు నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడిపోతే సబ్బునీళ్లు పట్టుకుని బోరు కింది ప్యాకింగ్, హెడ్డు, కార్బొరేటర్ రబ్బరు, క్రాంక్ సీళ్లు వరుసగా చూడాలి. మాగ్నెట్ వైపు సీల్ పోతే బయటి గాలి లాగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగకుండా వేలాడేది అందుకే. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ తాగి తెల్లపొగ వదులుతుంది.

బోరు విషయానికొస్తే, స్లీవ్‌కు అంటుకున్న అల్యూమినియాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచిన దూది పుల్లతో కరిగించవచ్చు. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట మాత్రమే. అల్యూమినియం బ్లాక్ మీద చుక్క పడకూడదు, కడిగిన వెంటనే ఆయిల్ రాయాలి. కింద స్లీవ్ బాగుంటే హోనింగ్ (రాయితో సన్నగా రుద్దడం) చాలు, గీతలు గోటికి తగిలితే బోరింగే (లేత్ మీద బోరు పెద్దది చేయడం). 50 మి.మీ. బోరుకు 50.25, 50.50 అంటూ సైజులుంటాయి. పిస్టన్ ముందు కొని, స్కర్ట్ కింది భాగంలో పిన్‌కు అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి కొలిచి, దానికి తగ్గట్టు లేత్ వాడితో బోర్ కొట్టించాలి. గ్యాప్ ఎంతన్నది పిస్టన్ కంపెనీ చెప్పాలి. ఇలాంటి ఎయిర్ కూల్డ్ ఇంజిన్లలో సుమారు 0.04 నుంచి 0.06 మి.మీ. వెంట్రుక మందం కన్నా తక్కువ. అక్కడ కూడా తమరు బొటనవేలు పెట్టి "ఆఁ, సరిపోతది" అంటారు! బోర్ కొట్టాక పోర్టుల (బోరు గోడలోని రంధ్రాల) అంచులు మొండి చేయించకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపుండాలి. పిన్‌ను పట్టి ఉంచే సర్క్లిప్పులు కొత్తవే. తెల్లగుడ్డ మురికి పట్టనంత వరకూ బోరును వేడి సబ్బునీళ్లతో కడగాలి.

ఇక ట్యూనింగ్. "కార్బొరేటర్ సెట్ చేసిన" అని తమరు తిప్పేది ఒక్క ఎయిర్ స్క్రూ. దాని రాజ్యం ఎనిమిదో వంతు త్రాటిల్ (యాక్సిలరేటర్) దాకానే. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ క్లిప్పు, ఆపైన మెయిన్ జెట్. రెండు సైజులు పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ఫుల్ త్రాటిల్‌లో గుడగుడలాడే మోత పోయేదాకా ఒక్కో సైజు దిగాలి. ప్రతి సైజుకూ కొత్త ప్లగ్‌తో కొంతదూరం ఫుల్‌గా లాగి, క్లచ్ పట్టి, స్విచ్ ఆపేసి చూడాలి. పింగాణీ మొదట్లో గోధుమరంగు వలయం ఉండాలి. తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్‌కు వెనక్కి.

ఇట్లు,
సిరంజి మీది 25 మి.లీ. గీత

తా.క.: ఎండాకాలంలో రామగుండం 45 డిగ్రీల్లో సరిపోయిన జెట్ చలిలో కూడా నడుస్తుందని తమరి అందాజ. వేడికి గాలి పలచబడుతుంది, చలికి చిక్కబడుతుంది. అంటే పెట్రోల్ ఎక్కువ కావలసింది చలిలోనే. మేడారం జాతరకు తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు మెయిన్ జెట్ ఒక సైజు పెంచమని చెప్పండి. కాదంటే, బండిని డీసీఎం వ్యానులో నిలబెట్టి కట్టడానికి తాడైనా కొలిచి ఇవ్వండి.